ఫోన్ మనది, లైబ్రరీ కంప్యూటర్ అందరిదీ

హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలని ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లందరికీ తెలుసు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు, పగలు ఎక్కడో పనిచేసి సాయంత్రం వచ్చేవాళ్లు, టిఫిన్ డబ్బా వెంట తెచ్చుకుని రోజంతా కూర్చునేవాళ్లు అక్కడ కనిపిస్తారు. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లోనూ ఇంచుమించు ఇదే తీరు. వీళ్లలో ఎవరి చేతిలో చూసినా స్మార్ట్‌ఫోన్ ఉంటుంది. కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్ దగ్గర్నుంచి టీ కొట్టు చెల్లింపు దాకా అన్నీ అందులోనే. అదే మనిషి దరఖాస్తు నింపడానికి లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చునేసరికి తడబాటు మొదలవుతుంది. సంతకం ఫైలు పెద్దదయిందంటుంది. ఓటీపీ ఎప్పుడో వదిలేసిన నంబరుకు పోతుంది. డౌన్‌లోడ్ చేసిన కాగితం ఎక్కడ పడిందో తెలియదు.

దీన్ని తెలివితక్కువతనం అనుకోవద్దు. ఫోన్ నేర్పిన అలవాట్లు వేరు, అంతే. ఫోన్ ఒక్క మనిషిది. అందుకే అందులో ఎప్పుడూ లాగవుట్ కాము, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోము, ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో పట్టించుకోము. లైబ్రరీ కంప్యూటర్ దగ్గర మనం లేచిన మరుక్షణం ఇంకొకరు కూర్చుంటారు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తల్లో సగం ఎవరూ చెప్పకుండానే తోస్తాయి.

ఇంకో మాట ముందే చెప్పాలి. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది. లైబ్రరీ నడిచేది ఆ డబ్బుతో. కాబట్టి అక్కడి కంప్యూటర్ వాడుకోవడానికి, తెలియనిది సిబ్బందిని అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

మీ ఈమెయిల్ నిజంగా మీదేనా?

దరఖాస్తుల విషయంలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మన ఊళ్లలో చాలామంది మొదటి ఈమెయిల్‌ను తాము తెరుచుకోలేదు. ఇంటర్ అయ్యాక ఎంసెట్‌కో, డిగ్రీ అడ్మిషన్‌కో, స్కాలర్‌షిప్‌కో నెట్ సెంటర్‌కు వెళ్లారు. ఆ సెంటర్ నడిపే ఆయన గబగబా ఒక ఈమెయిల్ తయారుచేశాడు. పాస్‌వర్డ్ ఆయనే పెట్టాడు. రికవరీ నంబరు అడిగిన చోట తన నంబరో, ఆ పూట పక్కనున్న అన్నయ్య నంబరో కొట్టాడు. పని అయిపోయింది. ఆయనకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, వెనకాల పదిమంది నిలబడి ఉన్నారు. కానీ నాలుగేళ్ల తర్వాత అదే ఈమెయిల్‌తో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో ఓటీఆర్ అనే ఒకసారి నమోదు గానీ, ఆంధ్రప్రదేశ్ కమిషన్‌లో అలాంటిదే అయిన ఓటీపీఆర్ గానీ చేసుకుంటాం. హాల్ టికెట్ కబురు, ధ్రువపత్రాల పరిశీలన కబురు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు అన్నీ దానికే వస్తాయి. దాని తాళం మాత్రం మన చేతిలో ఉండదు.

ఈ రోజే ఒక పని చేయండి. మీ ఫోన్‌లో జీమెయిల్ తెరిచి, పైన కుడివైపు మీ ఫొటో మీద నొక్కి, గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లండి. సెక్యూరిటీ అన్న విభాగంలో రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ కనిపిస్తాయి. అక్కడ మీది కాని నంబరు ఉంటే తీసేసి మీది పెట్టండి. పాస్‌వర్డ్ మార్చి, మీరే పెట్టుకోండి. అదే విభాగంలో రెండంచెల ధ్రువీకరణ ఉంటుంది. అది పెట్టుకున్నాక బ్యాకప్ కోడ్లు తీసుకునే వీలుంటుంది. ఎనిమిదేసి అంకెల కోడ్లు పది ఇస్తారు, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. ఫోన్ పోయినా, చార్జింగ్ అయిపోయినా లైబ్రరీ కంప్యూటర్‌లో మీ ఈమెయిల్ తెరవడానికి ఆ కోడే దారి. వాటిని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో, ఇంట్లో పెట్టుకోండి. పర్సులో వద్దు.

ఎప్పుడూ తెరవని ఖాతాకు ఇంకో ప్రమాదం ఉంది. రెండేళ్లపాటు అసలు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చన్న నియమాన్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలులో పెట్టింది. డిగ్రీలో తెరిచి వదిలేసిన ఈమెయిల్‌కు మార్కుల మెమోల స్కాన్లు పంపుకుని ఉంటే ఒకసారి లోపలికి వెళ్లి చూసుకోండి.

ఫోన్ నంబరు సంగతీ ఇలాంటిదే. రీచార్జ్ ఆఫర్ బాగుందని కొత్త సిమ్ తీసుకుని పాతది పారేస్తాం. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగి కంపెనీలు వేరేవాళ్లకు ఇస్తాయి. అప్పటినుంచి ఆ నంబరుకు వచ్చే మీ ఓటీపీలు ఎవరో తెలియని మనిషికి చేరతాయి. కంపెనీ నచ్చకపోతే నంబరు మార్చకుండా పోర్ట్ చేసుకోండి. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే పాత సిమ్ పనిచేస్తుండగానే ఆధార్‌లో, బ్యాంకులో, ఓటీఆర్‌లో, పీఎఫ్ ఖాతాలో కొత్త నంబరు ఎక్కించండి. ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చాలంటే నమోదు కేంద్రానికి వెళ్లాల్సి రావచ్చు, దానికి ఒక పూట పోతుంది. నోటిఫికేషన్ చివరి తేదీకి రెండు రోజుల ముందు ఆ పూట దొరకదు.

కేబీల బాధ

దరఖాస్తులో ఎక్కువమంది ఆగిపోయేది ఫొటో, సంతకం అప్‌లోడ్ దగ్గర. ఫోన్‌తో తీసిన ఫొటో మామూలుగా రెండు మూడు ఎంబీలు ఉంటుంది. ఒక ఎంబీ అంటే 1024 కేబీలు. బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ఫొటోకు అడిగేది 20 నుంచి 50 కేబీలు, సంతకానికి 10 నుంచి 20 కేబీలు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ కూడా సంతకానికి 10 నుంచి 20 కేబీలే అంటుంది. అంటే ఫొటోను సగానికో పావుకో కాదు, దాదాపు వందో వంతుకు తగ్గించాలి.

ఇందుకోసం చాలామంది గూగుల్‌లో వెతికి, మొదట వచ్చిన సైట్‌లో ఫొటో, సంతకం, ఆధార్ అన్నీ పెట్టేస్తారు. ఆ సైట్ ఎవరిదో, ఆ ఫైళ్లు ఎన్నాళ్లు ఉంచుకుంటుందో మనకు తెలియదు. సంతకం, ఫొటో, ఆధార్ మూడూ ఒకే చోట అపరిచితుడి చేతికి ఇవ్వడం మంచిది కాదు. విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ పెయింట్ ఉంటుంది, ఈ పనికి అది చాలు. ఫొటోను పెయింట్‌లో తెరవండి. అవసరమైన భాగం వరకే ఎంచుకుని క్రాప్ నొక్కండి. తర్వాత రీసైజ్‌లో పిక్సెల్స్ ఎంచుకుని కొలత ఇవ్వండి. ఐబీపీఎస్ ఫొటోకు 200, 230 పిక్సెల్స్, సంతకానికి 140, 60 పిక్సెల్స్ మేలని వాళ్ల సూచనల్లోనే ఉంటుంది. సేవ్ యాజ్‌లో జేపెగ్ ఎంచుకుని కొత్త పేరుతో దాచండి. ఫైలు మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ చూస్తే ఎన్ని కేబీలు వచ్చిందో తెలుస్తుంది. తక్కువైపోతే పిక్సెల్స్ కాస్త పెంచి మళ్లీ చేయండి. అసలు ఫొటోను మాత్రం ముట్టుకోకుండా విడిగా ఉంచండి. చిన్నదాన్ని మళ్లీ పెద్దది చేస్తే మసకబారుతుంది.

సంతకం తెల్ల కాగితం మీద నల్ల సిరాతో చేసి, పగటి వెలుతురులో, కాగితం మీద మీ చేతి నీడ పడకుండా ఫొటో తీయండి. పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో చేసిన సంతకాన్ని ఐబీపీఎస్ ఒప్పుకోదు. ఎడమ బొటనవేలి ముద్ర, చేతిరాతతో ఇంగ్లిష్ ప్రకటన కూడా అది అడుగుతుంది. ఇవన్నీ లైబ్రరీకి వెళ్లాక చేద్దామనుకుంటే ఇంక్ ప్యాడ్ కోసం బజారుకు పరుగెత్తాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇప్పుడు ఫొటోను అప్పటికప్పుడు కెమెరాతో తీయమంటోంది. లైబ్రరీ కంప్యూటర్లకు కెమెరా లేకపోతే ఆ దరఖాస్తు అక్కడ పూర్తికాదు, ముందే కనుక్కోండి. ఈ కొలతలు, నియమాలు మారుతుంటాయి. ప్రతి నోటిఫికేషన్‌లోనూ మళ్లీ చూసుకోవాల్సిందే.

నోటిఫికేషన్ అంటే నలభై పేజీల పీడీఎఫ్. మొత్తం చదవడం మంచిదే. చదివాక మీకు సంబంధించిన చోటికి మళ్లీ వెళ్లడానికి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి మీ డిగ్రీ పేరో, జోన్ పేరో, వయసు సడలింపు అన్న ఇంగ్లిష్ మాటో కొట్టండి. అది ఉన్న ప్రతి చోటికీ తీసుకెళుతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఇలా వెతకడం కుదరదు. అప్పుడు ఆ పేజీని ఫోన్‌లో గూగుల్ లెన్స్‌తో చూస్తే అక్షరాలు విడిగా ఎంచుకోవచ్చు.

ధ్రువపత్రాల సంగతికొస్తే, డిజిలాకర్ ఇంకా తెరవనివాళ్లు తెరవండి. 2015 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సేవ ఇది. జారీచేసిన సంస్థ నుంచి నేరుగా అందులోకి వచ్చిన పత్రం చట్టప్రకారం అసలు పత్రంతో సమానం. మనం స్కాన్ చేసి అప్‌లోడ్ చేసుకున్నదానికి ఆ విలువ లేదు, ఈ తేడా చాలామంది గమనించరు. మీ బోర్డు, మీరు పాసైన సంవత్సరం అందులో ఉన్నాయో లేదో వెతికి చూడండి. తెలంగాణలో స్థానికత 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నదాన్నిబట్టి తేలుతుంది. ఆ తరగతుల బోనఫైడ్ సర్టిఫికెట్లు తెచ్చుకోవడం సాంకేతికత తీర్చే పని కాదు, బడికి వెళ్లాల్సిందే. తెచ్చుకున్నాక ఫోన్‌లోని గూగుల్ డ్రైవ్‌లో స్కాన్ నొక్కితే అంచులు సరిచేసి పీడీఎఫ్ చేసి ఇస్తుంది. ఫైలుకు ‘స్కాన్ 17’ అని కాకుండా ‘ఇంటర్ మెమో’, ‘బోనఫైడ్ 1 నుంచి 5’ అని పేరు పెట్టండి. కంప్యూటర్ ముందు సమయం మిగిలేది ఇలాంటి చిన్న పనుల వల్లే.

కంప్యూటర్ ముందు

కూర్చున్న వెంటనే చేయాల్సిన పని ప్రైవేట్ విండో తెరవడం. క్రోమ్, ఎడ్జ్‌లలో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి. ఇందులో తెరిచినవాటి జాడ విండో మూసేశాక ఆ కంప్యూటర్ బ్రౌజర్‌లో మిగలదు. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం మిగులుతాయి. కంప్యూటర్‌లోనే ఎవరైనా దొంగ ప్రోగ్రాం పెట్టి ఉంటే ప్రైవేట్ విండో దాన్ని ఆపలేదు. అందుకే అందరూ వాడే కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ తెరవవద్దు, కార్డు నంబరు కొట్టవద్దు.

మరి పరీక్ష ఫీజు ఎలా కట్టాలి? చెల్లింపు పేజీలో యూపీఐ ఎంచుకుంటే చాలాచోట్ల క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. మీ ఫోన్‌తో దాన్ని స్కాన్ చేసి, పిన్ మీ ఫోన్‌లోనే కొట్టండి. బ్యాంకు వివరం ఒక్కటి కూడా లైబ్రరీ కంప్యూటర్‌కు అందదు. డబ్బు కట్ అయి, ఫీజు పడలేదని చూపిస్తే కంగారుపడి వెంటనే మళ్లీ కట్టవద్దు. యూపీఐ లావాదేవీ సంఖ్య ఫొటో తీసుకోండి. దరఖాస్తు సైట్‌లో పేమెంట్ స్టేటస్ చూడండి. కాసేపటికి సరికావచ్చు, లేదంటే డబ్బు ఖాతాకు తిరిగి వస్తుంది. ఇలా ఆగి చూసుకోవాలంటే చేతిలో వ్యవధి ఉండాలి. చివరి రోజు రాత్రి ఆ వ్యవధి ఉండదు, సైట్ కూడా నెమ్మదిస్తుంది.

పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దనండి. కొన్ని దరఖాస్తులు కాసేపు కదలకుండా ఉంటే తమంతట తామే మూసుకుపోతాయి. ప్రతి పేజీ దగ్గరా సేవ్ నొక్కుతూ పోండి. సబ్మిట్ నొక్కే ముందు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీలను పదో తరగతి మెమోతో అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మన దగ్గర ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. మెమోలో ఎలా ఉంటే అలాగే రాయాలి.

లేచే ముందు

బ్రౌజర్ మూసేస్తే పని అయిపోయిందనుకుంటాం. మామూలు విండోలో మూసిన పేజీని కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కి ఎవరైనా మళ్లీ తెరవవచ్చు. మీరు లాగవుట్ కాకపోయి ఉంటే మీ ఈమెయిల్ మీ పేరుతోనే తెరుచుకుంటుంది. కాబట్టి ముందు లాగవుట్, తర్వాతే మూత.

ఫైళ్ల సంగతి ఇంకా ముఖ్యం. లైబ్రరీల్లో, నెట్ సెంటర్లలో కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఎవరెవరివో ఆధార్‌లు, మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు కనిపిస్తుంటాయి. ఇది చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉందికదా అని ధీమా వద్దు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్. ఈ సూత్రం అందరికీ తెలుసు. మీ మెమో కూడా అదే ఫోల్డర్‌లో వదిలేస్తే పేరు, సంవత్సరం రెండూ అందులో దొరుకుతాయి. పని అయ్యాక ఫైలును ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కండి. అలా తీసేస్తే రీసైకిల్ బిన్‌లోకి కూడా పోదు. నంబరు మొత్తం అక్కర్లేని చోట మాస్క్‌డ్ ఆధార్ దించుకోండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

ప్రింట్ కోసం ఆధార్, మెమోలు జిరాక్స్ షాపు వాట్సాప్ నంబరుకు పంపడం మనకు బాగా అలవాటైపోయింది. అవి ఆ ఫోన్‌లో ఉండిపోతాయి. బదులుగా మీ ఈమెయిల్‌కు మీరే పంపుకుని, ప్రైవేట్ విండోలో తెరిచి ప్రింట్ తీసుకోండి. పెన్ డ్రైవ్ వాడితే ఆ పూట కావలసిన ఫైలు ఒక్కటే అందులో పెట్టండి, తిరిగొచ్చాక మీ కంప్యూటర్‌లో తెరిచే ముందు వైరస్ స్కాన్ చేయండి. ఒక మాట మరవద్దు: స్కానర్ మూత ఎత్తి, అద్దం మీద మీ అసలు సర్టిఫికెట్ ఉండిపోయిందేమో చూసుకోండి. పాస్‌వర్డ్ పోతే నిమిషంలో మార్చుకోవచ్చు, అసలు మెమో పోతే పోలీస్ స్టేషన్, బోర్డు ఆఫీసు తిరగాలి.

వాట్సాప్‌ను లైబ్రరీ కంప్యూటర్‌లో తెరవకపోవడమే మేలు. తెరిచి లాగవుట్ మరిచిపోతే, మీరు ఇంటికి వెళ్లి ఫోన్ ఆఫ్ చేసినా అక్కడ మీ సందేశాలు వస్తూనే ఉంటాయి. ఇంటికి చేరాక గుర్తొస్తే ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, ఆ కంప్యూటర్ పేరు మీద నొక్కి లాగవుట్ చేయండి. జీమెయిల్‌కూ ఇదే వీలుంది. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో యువర్ డివైసెస్ అన్నచోట మీ ఖాతా ఎక్కడెక్కడ తెరిచి ఉందో జాబితా వస్తుంది. మీది కానిదాన్ని అక్కడినుంచే సైన్ అవుట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి.

ఉద్యోగం పేరుతో వచ్చే లింకులు

రీడింగ్ రూమ్‌లో ఉన్నవాళ్లందరికీ టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. మెటీరియల్ అందులోనే దొరుకుతుంది, మోసం కూడా అందులోనే వస్తుంది. రెండు గుర్తులు చాలు. ప్రభుత్వ సైట్ల చిరునామా సాధారణంగా డాట్ గవ్ డాట్ ఇన్ లేదా డాట్ నిక్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. ఆ మాటలు చిరునామా మధ్యలో ఎక్కడో ఉంటే సరిపోదు, చివర ఉండాలి. ఇక పుస్తకం అని, హాల్ టికెట్ అని వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది పుస్తకం కాదు, ఫోన్‌లోకి ఎక్కే యాప్. మీ ఓటీపీలు చదివేసే యాప్‌లు ఇలాగే వస్తున్నాయి. తాకవద్దు. మోసపోయినట్టు తెలిస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

పరీక్షలు రాయనివాళ్లకు

లైబ్రరీకి వచ్చేది అభ్యర్థులొక్కరే కాదు. కంపెనీలో పనిచేసే ఆయన పేపరు చదవడానికి వస్తాడు, ఆయనకు పీఎఫ్‌లో ఎంత ఉందో తెలియదు. పీఎఫ్ సభ్యులకిచ్చే యూఏఎన్ నంబరుకు జోడించిన ఫోన్ నుంచి 99660 44425కు మిస్డ్ కాల్ ఇస్తే వివరం మెసేజ్‌గా వస్తుంది, యూఏఎన్ యాక్టివేట్ అయి ఉండాలి. పాస్‌బుక్ చూడాలంటే ఉమంగ్ యాప్ ఉంది. ఏజెంటుకు డబ్బులివ్వాల్సిన పని కాదిది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ‘మన మిత్ర’ పేరుతో 95523 00009 వాట్సాప్ నంబరు మీద చాలా ప్రభుత్వ సేవలు అందుతున్నాయి.

ఆఫీసులో తెలుగులో ఉత్తరం రాయాల్సి వచ్చేవాళ్లకు ఒక సలహా. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో రాస్తే ఎక్కడైనా చదవవచ్చు, గూగుల్‌లో వెతికినా దొరుకుతుంది. విండోస్ 10, 11లలో భాషల సెట్టింగ్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కలుపుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినా తెలుగు పడుతుంది. ఫోన్‌లో అయితే జీబోర్డ్‌కు చెబితే రాసిపెడుతుంది. ఒత్తులు, దీర్ఘాలు మాత్రం మీరే సరిచూడాలి.

చదువుకోవడానికి డబ్బు కట్టక్కర్లేని చోట్లు చాలా ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పాఠ్యపుస్తకాల నుంచి పరిశోధనల దాకా వెతుక్కోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ సైట్‌లో కాలేజీ స్థాయి పాఠాలు ఉచితంగా వినవచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక్కో పుస్తకానికి ఒక్కోలా ఉంటుంది కనుక రచయిత పేరును రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. లైబ్రరీలో నెట్ వేగంగా ఉన్నప్పుడు దించుకుని పెట్టుకుంటే బస్సులో చదువుకోవచ్చు.

1935లో కృష్ణా కాలువ మీద గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పంపించారు, లైబ్రరీకి రాలేని పల్లెలవాళ్లు చదువుకోవాలని. ఇప్పుడు లైబ్రరీకి రాగలిగి, కంప్యూటర్ ముట్టుకోవడానికి జంకేవాళ్లు మన పక్కనే ఉన్నారు. ఇంటి పని ముగించుకుని అంగన్‌వాడీ పోస్టుకు దరఖాస్తు పెట్టడానికి వచ్చిన అమ్మ, రిటైరై పెన్షన్ కాగితం కోసం వచ్చిన పెద్దాయన. మీకు ఈ పనులు వచ్చి ఉంటే వాళ్ల దగ్గర పది నిమిషాలు కూర్చోండి. అయితే కీబోర్డు మీ చేతిలోకి తీసుకోవద్దు. ఎక్కడ నొక్కాలో చూపించండి, నొక్కడం వాళ్లనే నొక్కనివ్వండి. పాస్‌వర్డ్ వాళ్లే పెట్టుకోవాలి, వాళ్ల నంబరే ఇవ్వాలి, ఆ సమయంలో మీరు తల తిప్పుకోవాలి. లేచేటప్పుడు లాగవుట్ ఎలా అవ్వాలో కూడా వాళ్ల చేతే చేయించండి.